వరసలో చివరి బండి

ఆదివారం తెల్లారకముందే
ఫత్తేఖాన్‌పేట బంకు దగ్గర పదకొండు బళ్ళు.
డాక్టర్ ప్రభావతమ్మ నల్ల కాంటెస్సా,
రొయ్యల వేమారెడ్డి టాపు లేని జీపు,
అన్నదమ్ములిద్దరు పంచుకోలేక ఉమ్మడిగా ఉంచుకున్న అంబాసిడర్,
మునిరత్నం సారు పద్మిని, మీగడ రంగు,
వయసు దాచే పెయింటు వేసుకున్న మారుతీలు ఆరు.

పదకొండోది నాది. ఓమ్ని.
దాన్నెవరూ ఫొటో తీయరు.
వెనక సీట్లు పీకేసి పానాల పెట్టె, జాకీ,
సైకిల్ ట్యూబు ముక్కలు, రెండు ఫ్యాన్ బెల్టులు,
‘కాలేషా ఉన్నాడుగా వెనకాల’ అనే వాళ్ళ ధైర్యం,
అన్నీ అందులోనే సర్దాను.

పెన్న దాటాం. కోవూరు దాటాం.
అల్లూరు పక్క కోతలైన మళ్ళలో
కొంగలు మా హారన్లకు లేవలేదు.
వాళ్ళు సముద్రాన్ని చూడ్డానికి బయల్దేరారు.
సముద్రం కన్ను వాళ్ళ బళ్ళ మీద పడకుండా చూడ్డానికి నేను.
ముప్ఫయ్యేళ్ళుగా ఎరుగుదును దాన్ని.
ఉప్పుగాలి చక్రం పైమడతలో కూర్చుంటుంది చుట్టంలాగా.
రెండేళ్ళు నోరు విప్పదు.
మూడో ఏడు వేలు పెట్టి చూస్తే
వేలు లోపలికి పోతుంది.

ఇసకపల్లి ఉప్పు కయ్యల నడుమ
పద్మిని ఆగింది.
బానెట్టెత్తితే ఇడ్లీ గిన్నె మూత తీసినట్టు ఆవిరి.
హోసు చిట్లింది. ట్యూబు ముక్క చుట్టి బిగించాను, అదెంత పని.
నీళ్ళే లేవు.
నా క్యాను కోవూరు దగ్గరే అంబాసిడర్ తాగేసింది.
ముందు బళ్ళు దుమ్ములో కలిసిపోయాయి, ఫోనెత్తరు.
ఎడమన కాలవ నిండా నీళ్ళు, కుడిన కయ్యల నిండా నీళ్ళు,
రేడియేటరుకు ఒక్క చుక్క పనికిరాదు.
మునిరత్నం సారు రుమాలుతో
బండి నుదురు తుడుస్తున్నాడు.

గట్టు మీంచి ఒకామె వచ్చింది.
చీర మీద మగవాళ్ళ చొక్కా,
పిక్కల దాకా తెల్లగా ఎండిన కాళ్ళు, చంకన బిందె.
“తాగే నీళ్ళు. సగం పోసుకోండి.
ట్యాంకరు మళ్ళా ఎల్లుండికి గానీ రాదు.”
సగమే పోశాను. కొలిచినట్టు.
పద్మిని గొంతులో గుటక వినిపించింది.

“యాడికి పోతుండారు?”
సారు నా వైపు చూశాడు, నేను టైరు వైపు.
“ఊరికేనమ్మా. సముద్రం పక్కంబడి.”
“ఊరికేనా,” అంది,
తట్టలో ఉప్పు తూకం చేత్తో చూసుకున్నట్టు,
ఎక్కువా కాదు, తక్కువా కాదన్నట్టు.
“అయితే నన్ను ఆ చివర కయ్య కాడ దించండి.”

పేరు పోలేరమ్మ.
ఎక్కే ముందు అరికాళ్ళు రెండూ
ఒకదానితో ఒకటి రుద్దుకుంది, చాలాసేపు.
“నా పార ఏడాదికొకటి మారస్తా నాయనా,
ఇనుముకి ఇది పడదు.”
పొద్దుటి నుంచీ బళ్ళ గురించి ఎన్నో మాటలు విన్నాను,
సిలిండర్లు, మోడళ్ళు, ఏ సంవత్సరం, ఎంతకు కొన్నది.
నా భాషలో మాట్లాడింది ఈమే.

పద్మిని ముందు సీట్లో ఆమె, ఒళ్ళో బిందె,
వెనక ఓమ్నిలో నేను.
కిలోమీటరు కూడా ఉండదు.
అంతసేపూ కిటికీ బయటికి ఒక చెయ్యి
కయ్యల్ని చూపిస్తూనే ఉంది,
ఇది మాది, ఇది మాది కాదు అన్నట్టు.

తుమ్మలపెంటలో అందరం కలిశాం.
వేమారెడ్డి జీపును అలల్లోకి దింపాడు, చప్పట్లు.
నేను తల తిప్పుకున్నాను,
ఆపరేషన్ చూడలేని మనిషిలాగా.
రామాయపట్నంలో చేపల పులుసు బాగుందన్నారు.
నేను బళ్ళ కింద పడుకుని ఉన్నాను.

రాత్రి పదకొండు. షెడ్డు.
మంచినీళ్ళ పైపు పట్టి ఒక్కొక్కదాన్నీ
పొట్ట కింద నుంచి కడుగుతున్నాను.
పది అయ్యాయి, నాదానితో సహా.
పద్మిని తలుపు తీస్తే
ఎడమ పక్క మ్యాటు మీద ఒక మడమ,
ఒకే ఒక్క మడమ గుర్తు, ఉప్పుతో.
అంత రుద్దుకున్నా మిగిలింది.

కడగాలి. ఉంచితే కింద రేకు తినేస్తుంది,
నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.
పైపు కట్టేశాను.
పొద్దున కడుగుతాను.